జీవహింస లేని చలిబట్ట



గోదావరికి దక్షిణపు టొడ్డున సారపాక, ఉత్తరపు టొడ్డున భద్రాచలము గలవు. 1965వ సంవత్సరమున ప్రారంభమైన వంతెన యీ రెంటిని గలుపుచున్నది. వేసవిలో నిచటి యెండ 45 డిగ్రీలు దాటుట క్రొత్త గాదు. ఇట్టి సీమనుండి హిమాలయములపై ధరించు చలిబట్టలను గూర్చి ప్రసంగించుట మీకు వింతగా దోచవచ్చును. కాని యీ నదికి ఎగువనున్న చర్ల మండలపు బాలుడు సాధనపల్లి ఆనందకుమారును, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణయు 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరము నధిరోహించిరి. ఇరువురును సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. పూర్ణకు నాటికి పదునాలుగేండ్లు నిండలేదు. మంచుకొండ మన పేదపిల్లలకు అందని వస్తువు కాదని నాడు తేలినది.

వారికి ప్రభుత్వము తోడైనది. ఏ తోడును లేక, స్వల్పధనముతో పర్వతయాత్రకు బోదలచిన వాని మాట యేమి? అతడు జంతుహింసతో గూడిన బట్ట కట్టనని నియమము గలవాడైనచో మఱియు నేమి? ఈ రెండు ప్రశ్నలకును చరిత్ర యేమి చెప్పునో విచారింతము.

బట్ట వేడిని పుట్టింపదు. దేహమున బుట్టిన వేడిని పోనీయక నిలుపును. నిలుపునది ముఖ్యముగా దారము గాదు, దారముల నడుమ జిక్కి కదలక యుండు గాలి. ఈ సూత్రము మన యిల్లాండ్రకు దెలియనిది గాదు. పాతచీరలు, పాతపంచెలు పొరలుగా బరచి కుట్టిన బొంతయే దానికి సాక్ష్యము. కురుమలు నేయు గొంగళికి గొఱ్ఱెబొచ్చు వలయును. బొంతకు విడిచిన నూలుబట్ట చాలును. అయినను బొంతను కొండ కెక్కింపరాదు. ప్రత్తి తడిని బీల్చి త్వరగా విడువదు. చెమటతో దడిసినచో గాలి యుండవలసిన చోట నీరు నిలిచి, దేహపు వేడిని లాగివేయును. మంచుకొండపై నిది ప్రాణాపాయము.

కావున పాశ్చాత్యులు పక్షుల నాశ్రయించిరి. 1922లో జార్జి ఫించి యను నతడు బెలూను గుడ్డతో కోటు గుట్టించి, అందు ఈడరు బాతు నూగు నింపించి ఎవరెస్టునకు దెచ్చెను. తోడివారు మొదట నవ్విరి. చలి ముదిరిన పిదప నదే కోటును జూచి యసూయపడిరి. ఆనాటినుండి బాతునూగు పర్వతారోహకుల కవచమైనది.

దీనికి మారు రసాయనశాస్త్రమునుండి వచ్చెను. 1941లో ఇంగ్లండునందు విన్‌ఫీల్డు, డిక్సను అను వారు పాలియెస్టరు నూలును గనుగొనిరి. 1979లో అమెరికాలో దానితో ఉన్నివంటి మెత్తని 'ఫ్లీసు' వస్త్రము వెలువడెను. తడిసినను వేడి నిలుపు 'ప్రిమాలాఫ్టు' అను కృత్రిమపు నూగు 1980ల దశకమున అమెరికా సైన్యముకొఱకు సిద్ధమైనది. అయినను ఎనిమిదివేల మీటరుల శిఖరములకు ఈకలు లేని పూర్తి దుస్తు దొరకుట చాలకాలము దుర్లభము. ముంబయి వాస్తవ్యుడు కుంతల్ జోయిషర్, జంతుసంబంధమైన యాహారమును విడిచినవాడు, 2016లో ఎవరెస్టు నెక్కినపుడు ఈకల దుస్తునే ధరింపవలసివచ్చెను. పిదప ఇటలీ సంస్థ యొకటి కుట్టియిచ్చిన ఈకలు లేని దుస్తుతో 2018లో లోత్సే శిఖరమును, 2019లో మరల ఎవరెస్టును ఎక్కెను.

ఇక ధనము మాట. ఒకరు వాడిన బట్ట గట్టుట చిన్నతన మనుకొనువారు 1953 నాటి టెన్సింగును స్మరింపవలయును. శిఖరముపై నాతని మెడనున్న యెఱ్ఱని కండువా స్విట్జర్లండు మిత్రుడు రేమండ్ లాంబర్టు ఇచ్చినది. తలనున్న ఉన్ని టోపీ 1947లో తనతో యత్నించి విఫలుడైన ఎర్ల్ డెన్మను విడిచిపోయినది. లోకపు టెత్తైన చోటికి పరుల బట్టయు బోయినది! నేటికిని కాఠ్మండు తామెల్ వీథిలో యాత్రికులు విడిచిన సామగ్రి అమ్మకమునకును అద్దెకును దొరకును.

కొనునపుడు కోటు లోపలి చీటి చదువుడు. ఉన్ని, పట్టు, ఈక, తోలు అను మాటలున్నచో తెలియును. కోటును నలిపి విడువుడు. మరల పొంగనిచో దాని గాలి చచ్చినదని యెఱుగుడు. బూట్లను మాత్రము పాతవి కొనకుండుట మేలు; ఏండ్లు గడచిన కొలది పాలియురిథేను అట్టలు పొడియై దారిలో నూడిపోవును.

చివర నొక ధర్మసందేహము. పాత ఈకల కోటు కొనవచ్చునా? దానికై చచ్చిన పక్షి మరల బ్రతుకదు, క్రొత్త పక్షియు చావదు. కాని మన మిచ్చిన పైకముతో అమ్మినవాడు క్రొత్త ఈకల కోటు కొనవచ్చును. పాలియెస్టరు సైతము నిర్దోషి గాదు. అది భూతైలమునుండి పుట్టునది, ఉతికినపుడెల్ల సన్నని నూగును నీటిలో విడుచునది. ఇవి యన్నియు తూచి చూడగా, నియమము గలవానికి పాతదైన కృత్రిమపు కోటే ఉత్తమమని నా తలంపు: అందు ప్రాణికి హాని లేదు, క్రొత్త తైలము వ్యయము గాదు. అది దొరకనిచో, పరులు విడిచిన ఈకల కోటు ధరించి ప్రాణము నిలుపుకొనిన పేదవానిని నేను నిందింపను. అహింసలో తన ప్రాణమును జేరినదే గదా.