రైలెక్కి వచ్చిన ప్లేగు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అనగానే ఇప్పుడు మనకు బెంగళూరు రైలు గుర్తొస్తుంది. రైలు రాకముందు ఈ దారుల్లో సరుకు మోసినవి మన సుగాలీల ఎద్దులు. ఉప్పు, ధాన్యం సంచులు వీపున వేసుకుని మందలు మందలుగా నడిచేవి. మన గోర్ బోలీలో ఆ బిడారు పేరు లదేణి. 1890ల తొలినాళ్లలో గుంతకల్లు నుంచి బెంగళూరుకు మీటర్ గేజ్ పట్టాలు పడ్డాయి. ఎద్దులు రోజుల తరబడి నడిచే దారి రైలుకు ఒక పూట పని అయింది. మన లదేణి ఆగిపోయింది.

అవే పట్టాలు ఇంకొకటి కూడా మోశాయి. 1896లో బొంబాయిలో బయటపడిన ప్లేగు 1898 ఆగస్టుకల్లా బెంగళూరు చేరింది. అక్కడికి హిందూపురం సుమారు వంద కిలోమీటర్లే.

ఈ జబ్బును మోసేది ఎలుకల మీద బతికే పురుగు. చదువుల్లో దాన్ని ఫ్లీ అంటారు. రెక్కలుండవు, దూకుతుంది. జబ్బు ఎలుక రక్తం తాగితే ప్లేగు క్రిములు దాని గొంతు దగ్గర గడ్డకట్టి అడ్డుపడతాయి. రక్తం కడుపులోకి దిగదు. ఆకలి తీరక మళ్లీ మళ్లీ కుడుతుంది, కుట్టినప్పుడల్లా క్రిముల్ని కక్కుతుంది. ఎలుక చచ్చి చల్లబడగానే దాన్ని వదిలి మనిషిని వెతుక్కుంటుంది. అందుకే ఇళ్లలో ఎలుకలు రాలితే జనం ఊరు వదిలి పొలాల్లో గుడిసెలు వేసుకునేవారు. పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1898లో కరాచీలో ఈ సంగతి కనిపెడితే చాలా ఏళ్లు ఎవరూ నమ్మలేదు. ధాన్యపు బస్తాల్లో, రైలు డబ్బాల్లో ఎలుకలూ పురుగులూ హాయిగా ప్రయాణం చేశాయి.

పట్టుకున్నది మాత్రం మనుషుల్ని. 1897లో అంటువ్యాధుల చట్టం వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ప్లేగు ఉన్న చోటు నుంచి వచ్చేవారికి ప్లేగు పాస్‌పోర్టులు ఇచ్చి, వెళ్లిన ఊళ్లో హాజరు వేయించుకునేవారు. ఇల్లూ వాకిలీ ఉన్నవాడికి అది చిరాకు. బుట్టలు అమ్ముతూ, సోది చెబుతూ ఊరూరా తిరిగే ఎరుకల కుటుంబానికి అది బతుకుదెరువుకే అడ్డు. ప్లేగు ఇంకా పూర్తిగా పోకముందే, 1911లో నేరస్థ తెగల చట్టం మద్రాసుకూ వచ్చింది. ఎరుకలవారు దాని కిందికి వచ్చారు. రెండు చట్టాల కారణాలు వేరు. కానీ తిరిగేవాడంటే అనుమానం రెండింటిలోనూ ఉందని మా అభిప్రాయం.

ఇలాంటిది మనకొక్కరికే కాదు. దక్షిణ సూడాన్‌లో పశువుల్ని మేపుకునే డింకా జనం పేడ పొగ వేసి, ఆ బూడిద ఒంటికి రాసుకుని దోమల్ని దూరం పెడతారు. చూసిన బయటివాళ్లకు అది మురికిగా కనిపించవచ్చు. మన తండాల్లో గొడ్ల పాక దగ్గర వేపాకు పొగ వేసేదీ అందుకే కదా! 1980లలో యుద్ధం వాళ్ల ప్రాంతాల్లో జనాన్ని చెదరగొట్టినప్పుడు, ఇసుక ఈగ మోసే కాలా అజార్ వేలాది ప్రాణాలు తీసింది. అక్కడా జబ్బుకు దారి చేసింది పొగ, బూడిద కాదు.

ప్లేగు తర్వాత బెంగళూరులో వెడల్పు వీధులతో బసవనగుడి, మల్లేశ్వరం పేటలు లేచాయి. మన ఎరుకలవారి పేర్లు మాత్రం 1947లో మద్రాసులో ఆ చట్టం రద్దయ్యేదాకా పోలీసు రిజిస్టర్లలోనే ఉన్నాయి.