అమావాస్య వెలుగు

కాస్త దగ్గరికి జరిగి కూర్చో నాయనా, చలి ముదిరింది. ఆ సెల్‌ఫోను అరుగు మీద పెట్టు, నా మాటలు అయ్యేలోపు అది ఎక్కడికీ పోదు. నిన్న నువ్వొక ఫోటో చూపించావు కదా, అంతరిక్ష కేంద్రం నుంచి తీసింది. భూమి అంచు మీద సన్నటి ఆకుపచ్చ గీత ఉంది అందులో. "ఎడిటింగ్ తాతయ్యా" అని తేల్చేశావు. ఆ గీత నిజంరా. దాని వెనక బోలెడు కథ ఉంది. మొదలుపెట్టానంటే మధ్యలో లేవకూడదు మరి.

మేం వాల్తేరులో ఫిజిక్సు చదివే రోజుల్లో, ఆచార్య బి. రామచంద్రరావు గారి పుణ్యమా అని, పై గాలిలోని విద్యుత్ పొర అయనోస్ఫియర్ అన్న మాట టీ కొట్టు దగ్గర కూడా వినపడేది. పోస్టుకార్డు పది పైసలు. డాలరు ఏడున్నర రూపాయలు. అయినా పైచదువుకు విదేశం వెళ్ళేవాడి చేతిలో ప్రభుత్వం పెట్టనిచ్చేది ఎనిమిది డాలర్లే. విదేశీ పత్రికలు ఓడల మీద వచ్చేవి. అక్కడ సంక్రాంతికి అచ్చయిన వ్యాసం మా లైబ్రరీ బల్ల మీదికి వచ్చేసరికి మామిడికాయలు దిగేవి. దాని ప్రతి కావాలంటే జిరాక్సు మిషన్లు ఎక్కడివి? రాసినాయనకే కార్డు రాసేవాళ్ళం, "అయ్యా, తమరి ఫలానా వ్యాసం ప్రతి ఒకటి దయచేసి పంపగలరు" అని. ఆయన ఎంతటివాడైనా సరే, సొంత ఖర్చుతో స్టాంపులు అంటించి పంపేవాడు. ఆ కవరు వచ్చిన రోజున దాన్ని చించేవాడొకడు, స్టాంపు కోసం కాచుకునేవాడొకడు, చదవడానికి వరసలో నిలబడేవాళ్ళు నలుగురు. ఇప్పుడు ఒక్క వ్యాసం చదవడానికి ముప్పై నలభై డాలర్లు కట్టమంటుంటే నాకు ఆ కార్డుల మర్యాదే గుర్తొస్తుంది.

సరే, కార్డుల దగ్గరే కూర్చుంటే తెల్లారిపోతుంది. గీత సంగతికి వద్దాం.

అమావాస్య రాత్రి, దీపం అన్నది లేని చోట ఆకాశం ఎంత వెలుగిస్తుందో కొలిచారు పూర్వం కొందరు. చుక్కల వెలుగంతా కూడినా లెక్క సరిపోలేదు. మిగతాది ఎక్కడిది? చాలావరకు గాలిదే. పగలంతా ఎండ పై గాలిలోని ఆక్సిజన్ అణువులను చీలుస్తుంది. పొద్దుగూకాక ఆ చీలిన పరమాణువులు మళ్ళీ జతకడతాయి, అప్పుడు మిగిలిన శక్తి వెలుగై బయటపడుతుంది. సుమారు 97 కిలోమీటర్ల ఎత్తున ఆకుపచ్చగా, 557.7 నానోమీటర్ల దగ్గర. దీన్నే ఎయిర్‌గ్లో అంటారు. ఇంగ్లండులో నాలుగో లార్డ్ రేలీ దీన్ని ఏళ్ళ తరబడి కొలిచాడు. ఆకాశం నీలంగా ఎందుకుంటుందో చెప్పిన రేలీ ఈయన తండ్రి. తండ్రీకొడుకులను జనం ఒకరనుకుని పొరపడుతుంటారు. ఈ వెలుగును కొలిచే ప్రమాణానికి మాత్రం కొడుకు పేరే పెట్టారు.

ఇంకాస్త పైన, 250 కిలోమీటర్ల దగ్గర, ఎర్ర వెలుగు ఒకటుంది. దాని సంగతి నాకెంతో ఇష్టం. శక్తి పుంజుకున్న ఆక్సిజన్ పరమాణువు ఆకుపచ్చ వెలుగు ఇవ్వాలంటే ముప్పావు సెకను చాలు. ఎర్ర వెలుగు ఇవ్వాలంటే రెండు నిమిషాలకు కాస్త తక్కువ సేపు ఎవరూ కదపకుండా ఉండాలి. కింద గాలి ఒత్తుగా ఉంటుంది, ఈలోపే ఎవరో ఒకరు వచ్చి గుద్దుకుని ఆ శక్తి కాస్తా లాగేసుకుంటారు. పైన గాలి పల్చన, అడిగేవాడు లేడు, తీరిగ్గా వెలుగుతుంది. నిదానమే ప్రధానం అన్నది పరమాణువులకూ వర్తిస్తుందిరా, నీకు వర్తించదు గానీ.

ధ్రువాల దగ్గర కనిపించే అరోరా కూడా చాలావరకు ఈ ఆక్సిజన్ పనే. రంగులు అవే, పరమాణువు అదే, తట్టి లేపేవాడు వేరు. అక్కడ అయస్కాంత క్షేత్రం దారి పట్టుకుని ఎలక్ట్రాన్లు వచ్చి పడతాయి. అందుకే అది వేల రెట్లు కాంతిమంతంగా కూడా ఉండగలదు.

మరి ఆ అరోరా మొత్తం ఆకారం ఏమిటి? కింద నిలబడి చూసేవాడికి తన నెత్తి మీద ముక్కే కనిపిస్తుంది. 1957-58లో అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం అని జరిపారు. అప్పుడు ఆకాశమంతా ఒకేసారి పట్టే కెమెరాలు వందకు పైగా పెట్టారు. మంచులో కూర్చుని రీళ్ళకు రీళ్ళు ఫిల్ము తిప్పారు పాపం. ఆ ముక్కలన్నీ అతికించి, ఇది అయస్కాంత ధ్రువం చుట్టూ ఉన్న అండాకారపు వలయం, పగటి వైపు ధ్రువానికి దగ్గరగా, రాత్రి వైపు దూరంగా ఉంటుందని రష్యాలో ఫెల్డ్‌స్టైన్ చెప్పాడు. చాలామంది పెద్దలు తలూపలేదు. అతుకుల బొంతను చూసి ఎవరు నమ్ముతారు? దూరపు కొండలు నునుపు అంటారు కదా, దీని విషయంలో దూరం పోతేనే గానీ అసలు రూపు తేలదు.

దూరం పోవడం మొదలైంది. 1962 మే 24న అమెరికావాడు స్కాట్ కార్పెంటర్ భూమి చుట్టూ మూడు చుట్లు తిరిగాడు. ఆయన నౌక పేరు అరోరా-7. ఆయన చూసి కొలిచింది మాత్రం ఎయిర్‌గ్లోను! అంతకు మూడు నెలల ముందు ఇంకో వ్యోమగామి గ్లెన్ దిగంతం మీద ఒక వెలుగు పట్టీ చూశానన్నాడు. కార్పెంటర్ ఆ ఆకుపచ్చ వెలుగును మాత్రమే రానిచ్చే ఫిల్టరు కంటికి పెట్టుకుని, అది గాలి వెలుగేనని తేల్చాడు. అదే ప్రయాణంలో నౌక గోడను తట్టి, రాలిన మంచు తుంపులు మిణుగురుల్లా మెరుస్తుంటే చూసి మురిసిపోయాడట. చూడవలసినవి ఎక్కువ, ఇంధనం తక్కువ. చివరికి దిగవలసిన చోటుకు నాలుగు వందల కిలోమీటర్ల అవతల సముద్రంలో దిగాడు. చిన్నపిల్లాడి కుతూహలం పెద్దవాళ్ళలో ఉంటే ఇలాగే ఉంటుంది, ఆయన్ను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

1971 ఏప్రిల్ 1న కెనడా వాళ్ళ ఐసిస్-2 ఉపగ్రహం వెళ్ళింది, పద్నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తుకు. కాల్గరీ విశ్వవిద్యాలయం క్లిఫర్డ్ యాంగర్ పరికరం అరోరాను పైనుంచి బొమ్మ కట్టింది. యార్క్ విశ్వవిద్యాలయం గోర్డన్ షెపర్డ్ పరికరం ఎర్ర వెలుగును పట్టింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అపోలో-16 వాళ్ళు చంద్రుడి మీద ఒక బంగారు పూత కెమెరా నిలబెట్టారు. జార్జ్ కారుథర్స్ అనే నల్లజాతి శాస్త్రజ్ఞుడు చేసినది, మన కంటికి ఆనని అతినీలలోహిత కాంతిలో చూసేది. దాన్ని భూమి వైపు తిప్పితే ధ్రువాల దగ్గర అరోరాతో పాటు, రాత్రి వైపు భూమధ్య ప్రాంతంలో రెండు వెలుగు చారలు కనిపించాయి. ఫిల్ము వెనక్కి తెచ్చారు, కెమెరా అక్కడే వదిలేశారు. ఇప్పటికీ ఉంది.

ఆ రెండు చారలు మన వ్యవహారమే. అయస్కాంత మధ్యరేఖ కేరళలో తుంబా దగ్గరగా పోతుంది. మనవాళ్ళు 1963 నవంబరు 21న అక్కడ మొదటి రాకెట్టు ఎగరేయడానికి అదే కారణం. పగటిపూట ఆ రేఖ మీద ఎలక్ట్రాన్లు, అయాన్లు పైకి లేచి, అయస్కాంత రేఖల వెంట అటూ ఇటూ జారి, సుమారు పదిహేను డిగ్రీల దూరంలో పోగుపడతాయి. పొద్దుపోయాక ఆ పోగులు వెలుగుతాయి. ఉత్తరపు చార మన దేశం మీదుగానే పోతుంది. మా లెక్కల్లో, గ్రాఫుల్లో మాత్రమే ఉన్నదానికి చంద్రుడి మీద నుంచి బొమ్మ తీశారని తెలిసినప్పుడు మాకు కలిగిన సంబరం ఇంతా అంతా కాదు.

ఇక అసలు కథ 1981 ఆగస్టు 3న మొదలైంది. ఆ రోజు డైనమిక్స్ ఎక్స్‌ప్లోరర్-1 అనే ఉపగ్రహం వెళ్ళింది. కక్ష్యలో దూరపు కొసన ఇరవై మూడు వేల కిలోమీటర్ల పైకి పోయేది. అయోవా విశ్వవిద్యాలయం లూయీ ఫ్రాంక్ బృందం దానికి కెమెరా కట్టింది. కెమెరా అనగానే నీ ఫోను గుర్తొస్తుంది నీకు. ఇందులో ఫిల్మూ లేదు, లక్షల గళ్ళ చిప్పూ లేదు. ఒక్కో కాంతి రేణువును లెక్కపెట్టే గాజు గొట్టాలు, ఒక అద్దం. ఉపగ్రహం ఆరు సెకన్లకొకసారి తన చుట్టూ తాను తిరిగేది. ఒక్క తిరుగుడుకు భూమి మీద ఒక్క గీత మేర వెలుగు లెక్కకు వచ్చేది. అద్దం పావు డిగ్రీ జరిగేది. మళ్ళీ తిరుగుడు, మళ్ళీ గీత. మగ్గం మీద చీర నేసినట్టు పోగు పక్కన పోగు, నూట ఇరవై గీతలు. పన్నెండు నిమిషాలకు ఒక బొమ్మ. నీకు పన్నెండు సెకన్లలో వీడియో రాకపోతే ఇల్లంతా వినపడేలా విసుక్కుంటావు!

ఆ బొమ్మలో మొట్టమొదటిసారి అండాకారపు వలయం నిండుగా, అతుకు లేకుండా కనిపించింది. ఫెల్డ్‌స్టైన్ మాట గెలిచింది. ఇంకో విశేషం చెబుతాను. దూరపు అతినీలలోహితంలో కింది ఎండ వెలుగు పైకి రాదు, గాలే మింగేస్తుంది. అందుకని పగటి వైపున్న అరోరా కూడా అగుపించింది. పట్టపగలే చుక్కలు చూపించడం అంటాం కదా, వీళ్ళు అన్నంత పనీ చేశారు. కొన్నిసార్లు వలయానికి అడ్డంగా ఒక వెలుగు గీత కూడా ఉండేది, గ్రీకు అక్షరం థీటా ఆకారంలో. అది ఎవరూ ఊహించనిది.

ఆ బొమ్మల్లోనే ఒక తగువు కూడా పుట్టింది. పగటి ఎయిర్‌గ్లో మీద చిన్న చిన్న నల్ల మచ్చలు కనిపించాయి. అవి ఇల్లంత మంచు తోకచుక్కలు, నిమిషానికి ఇరవై వచ్చి గాలిలో కలుస్తున్నాయి అని 1986లో ఫ్రాంక్ ప్రకటించాడు. లోకం గగ్గోలు పెట్టింది. పదేళ్ళ తర్వాత పోలార్ అనే ఉపగ్రహం వెళ్ళింది. దాని మీదున్న వేరే కెమెరా వాళ్ళు అలాంటి మచ్చలు పరికరంలోనే పుడతాయని చూపించారు. ఆయన వింటేగా! పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నాడు చివరిదాకా. అయినా నాయనా, అరోరాను నిండుగా చూపించిన మనిషి ఆయన. ఒక్క పట్టుదలకు ఆ రుణం చెల్లిపోదు.

తరవాత 2000 మార్చిలో ఇమేజ్ అనే ఉపగ్రహం వెళ్ళి, రెండు నిమిషాలకో బొమ్మ పంపుతూ, 2005 డిసెంబరులో ఉన్నట్టుండి మూగబోయింది. నాసా వాళ్ళు పిలిచి పిలిచి ఊరుకున్నారు. 2018 జనవరిలో కెనడాలో స్కాట్ టిల్లీ అనే రేడియో ఔత్సాహికుడు ఇంకేదో రహస్య ఉపగ్రహం కోసం ఇంట్లో కూర్చుని చెవి ఒగ్గితే, ఇమేజ్ పలుకుతోంది! కాగల కార్యం గంధర్వులే తీర్చారు. కొన్నాళ్ళు పలికి అది మళ్ళీ ఊరుకుంది.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అనే సామెత ఉంది చూశావా, అది వాతావరణ శాఖల వాళ్ళకు జరిగింది. రాత్రి మేఘాలు చూడాలంటే వెన్నెల కావాలి అనుకునేవాళ్ళు. 2011 అక్టోబరులో వెళ్ళిన సువోమి ఎన్‌పీపీ ఉపగ్రహంలో ఎంత మసక వెలుగైనా పట్టే సాధనం పెట్టారు. చంద్రుడు లేని రాత్రి కూడా మేఘాలు కనిపించాయి. వాటికి దీపం పట్టింది నెత్తిమీది ఎయిర్‌గ్లో! అంతేకాదు, కింద ఉరుముల గాలివాన లేస్తే దాని అలలు తొంభై కిలోమీటర్లు పైకి పాకి ఎయిర్‌గ్లోలో వలయాలుగా తేలడం కూడా ఆ బొమ్మల్లో చూశారు.

మనవాళ్ళు ఏం చేశారంటావా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. తిరుపతికి దగ్గరలో గాదంకిలో చంద్రుడు లేని రాత్రుళ్ళు ఎయిర్‌గ్లోను కెమెరాతో చూస్తారు. 2024 మే నెలలో పెద్ద సౌర తుఫాను వచ్చిన రాత్రి లడాఖ్‌లోని హాన్లే మీద ఆకాశం ఎర్రబడింది, అక్కడి కెమెరాలు పట్టాయి. ఇంకొకటి చాలామంది మరిచిపోయారు. 2011 ఏప్రిల్ 20న మన శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ16 ఎగిరింది. పెద్ద ఉపగ్రహం రిసోర్స్‌శాట్-2 పక్కన తొంభై రెండు కిలోల యూత్‌శాట్ అని ఒకటి పోయింది. రష్యా వాళ్ళతో కలిసి చేసింది. అందులో లివ్‌హైసీ అనే మన ఇస్రో కెమెరా భూమి అంచు వైపు తిరిగి ఎయిర్‌గ్లోను రంగురంగులుగా విడదీసి చూసింది. నీ పుస్తకాల్లో చంద్రయాన్ ఉంటుంది, ఇది ఉండదు. రాసి పెట్టుకో.

నువ్వూ ఒక పని చెయ్యి. వచ్చే అమావాస్యకు లైట్లు లేని పల్లెకు పో. నీ కెమెరాను స్టాండు మీద పెట్టి, ముప్పై సెకన్లు షట్టరు తెరిచి ఉంచు. నడినెత్తికి గురిపెట్టకు. దిగంతానికి పది పదిహేను డిగ్రీల ఎత్తున పెట్టు, అక్కడ వెలుగు పొర ఏటవాలుగా ఒత్తుగా కనిపిస్తుంది. మబ్బు, తేమ లేని రాత్రి అయితే ఆకుపచ్చ జాడ దొరుకుతుంది. దొరికితే నాకు తెచ్చి చూపించు.