అది సైన్సేనా? 1973లో ఒక తీర్పు

మా హాస్టల్లో ఒకడు కోయ మాటల్ని కంప్యూటర్‌తో గుర్తుపట్టించే ప్రాజెక్టు చేస్తానన్నాడు. ఒక సారు "ఇది సైన్సు కాదు, ఉత్త కలలు, వేరేది చూస్కో" అన్నారు. వాడు రెండ్రోజులు సరిగా తినలేదు. ఈ మాట ఇంతకుముందు ఎవరన్నా అన్నారా అని మేము వెతికితే బ్రిటన్ కథ ఒకటి దొరికింది.

1956లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కొందరు కూర్చుని కృత్రిమ మేధ పనికి శ్రీకారం చుట్టారు. మాటలు మాత్రం కోటలు దాటాయి. పదేళ్ళలో చెస్ ఛాంపియన్ కంప్యూటరే అవుతుందని హెర్బర్ట్ సైమన్ 1957లో అన్నాడు. ఛాంపియన్ కాస్పరోవ్‌ని మ్యాచ్‌లో డీప్ బ్లూ ఓడించేసరికి 1997 వచ్చింది.

ఈలోపు డబ్బులిచ్చే బ్రిటన్ సైన్స్ రీసెర్చ్ కౌన్సిల్‌కి అనుమానమొచ్చి, ఈ రంగం ఎలా ఉందో చూడమని జేమ్స్ లైట్‌హిల్‌ని అడిగింది. గాలి, నీటి ప్రవాహాల గణితంలో ఆయన ఉద్దండుడు. ఈ రంగం వాడు కాదు. 1973లో వచ్చిన రిపోర్టులో పనిని మూడు ముక్కలు చేశాడు: యంత్రాలకు పనులు అప్పగించడం, మెదడుని కంప్యూటర్‌తో అర్థం చేసుకోవడం, ఈ రెంటి మధ్య వంతెనలా రోబోల తయారీ. మొదటి రెండూ సరే, వంతెనకే పునాది లేదన్నాడు.

ఆయన పట్టుకున్న లోపం నిజమైనదే. చెస్‌లో ఎత్తుకు 30 దారులనుకుంటే నాలుగు ఎత్తులకే 8,10,000 అవుతాయి. బొమ్మల ప్రపంచంలో గెలిచిన ప్రోగ్రాం బయటి ప్రపంచంలో చతికిలబడేది అందుకే.

అదే ఏడాది లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో చర్చ పెట్టారు, బీబీసీ చూపించింది. లైట్‌హిల్‌కి ఎదురుగా ముగ్గురు. ఎడిన్‌బరా నుంచి డొనాల్డ్ మిచీ వచ్చాడు. కుప్పగా పోసిన ముక్కల్లోంచి ఏరుకుని బొమ్మకారు బిగించే ఫ్రెడ్డీ రోబో వాళ్ళదే. జాన్ మెకార్తీ వాదన మాకు బాగా నచ్చింది: మనిషిలోనైనా యంత్రంలోనైనా సమస్య ఎలా విడిపోతుందన్నదే సొంతంగా ఒక శాస్త్రం, దాన్ని వంతెన అనడమే తప్పు. రంగంలో అంతా బాగుందని మాత్రం ఆయన కూడా అనలేదు.

అయినా డబ్బులు ఎండిపోయాయి. చెప్పిన టైముకి చేశారా అన్నది ఒక ప్రశ్న, అడుగుతున్నది సైన్సు ప్రశ్నేనా అన్నది ఇంకొకటి. లైట్‌హిల్ మొదటిదానికి జవాబు చూసి రెండోదానికి తీర్పిచ్చేశాడని మాకనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే ఎడిన్‌బరాలో జెఫ్రీ హింటన్ పీహెచ్‌డీ చేస్తున్నాడు. అతని న్యూరల్ నెట్‌ల మీద సొంత గైడుకే నమ్మకం లేదు. 2024లో అతనికి ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. (ఇది ఫిజిక్సేనా అని మా రూములో మళ్ళీ గొడవ. ప్రైజొచ్చినంత మాత్రాన సైన్సైపోదులే అన్నవాడూ ఉన్నాడు.)

మెకార్తీ శిష్యుడొకడు మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి, వాళ్ళింట్లో మొదట కాలేజీకెళ్ళింది ఆయనే. 1976 నాటికి ఆయన బృందం వెయ్యికి పైగా ఇంగ్లీషు మాటలు గుర్తుపట్టే హార్పీని చేసింది.

మావాడు వెయ్యి అనట్లేదు. ముందు యాభై మాటలంటున్నాడు, ఎన్ని తప్పులొస్తాయో లెక్కరాసి సారుకి చూపిస్తాడట. కోయ మాట్లాడే పెద్దవాళ్ళ గొంతులు కావాలి. పండక్కి ఊరెళ్ళేవాళ్ళు ఫోన్లో రికార్డు చేసుకురండి, ముందు వాళ్ళనడిగి.