సర్వనామము వెనుక దిక్కు

సుబర్ణరేఖ, ఖర్కాయి నదులు కలియుచోటికి సమీపమున సాక్చి అను పల్లె యుండెడిది. 1907లో స్థాపింపబడిన టాటా ఇనుము ఉక్కు కంపెనీ తన కర్మాగారమునకు ఆ తావును ఎన్నుకొన్నది. 1912 ఫిబ్రవరి 16న అక్కడ మొదటి ఉక్కుదిమ్మె వెలువడినది. 1919 జనవరి 2న వైస్రాయి చెమ్స్‌ఫర్డు ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని నామకరణము చేసినాడు. దాని రైలుస్టేషను కాలిమాటి టాటానగర్ అయినది. కొలిమి పనికి సంతాలులు, హోలు, బంగాళీలు, ఒడియాలు, పంజాబీలు వచ్చిరి. వారితోపాటు ఉత్తరాంధ్ర జిల్లాలనుండి తెలుగువారును వచ్చిరి. ఇండ్లలో ఎన్ని భాషలున్నను, కార్యాలయపు కాగితముల భాష ఇంగ్లీషు. ఆ భాషలోని ఒక చిన్న విశేషము పనివాని కూటికి ఎంత సన్నిహితముగా వచ్చినదో చూపుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఇంగ్లీషులో అప్, డౌన్, ఇన్, అవుట్, ఆఫ్ అను దిక్కుమాటలు క్రియతో జతపడి కొత్త అర్థములను ఇచ్చుచుండును. కర్మ నామవాచకమైనచో దిక్కుమాట దానికి ముందైనను వెనుకైనను రావచ్చును. పెట్టెను ఎత్తుమనుటకు 'పిక్ అప్ ది బాక్స్' అనవచ్చును, 'పిక్ ది బాక్స్ అప్' అనియు అనవచ్చును. కర్మ సర్వనామమైనచో ఈ స్వేచ్ఛ లేదు. 'పిక్ ఇట్ అప్' అనియే అనవలెను. సర్వనామము ఇదివరకే తెలిసిన వస్తువును సూచించును గనుక అది తేలికగా, ఊనిక లేక పలుకబడును. వాక్యాంతమునందలి బరువు దిక్కుమాటపై పడును. ఎవనిని అన్నది వక్తకు శ్రోతకు తెలిసినదే. వాడు ఎటు పోయినాడన్నదే చెప్పవలసిన వార్త.

ఈ దిక్కులు మొదట కన్నులకు కనబడు దిక్కులే. డౌన్ అను మాట పుట్టుక చిత్రమైనది. ప్రాచీనాంగ్లమున డూన్ అనగా కొండ. 'కొండమీదినుండి' అను పదబంధము క్రమముగా అరిగి, చివరకు 'క్రిందికి' అను అర్థమున డౌన్ మాత్రమే నిలిచినది. ఎత్తును చెప్పిన మాటయే పల్లమును చెప్పుటకు వచ్చినదన్నమాట. పిదప దేహమునకు చెందిన కదలిక మనసునకును సంఘమునకును పాకినది. ఒడిలోని శిశువు 'పుట్ మి డౌన్' అన్నచో నేలమీద దింపుమని అర్థము. అవే మాటలతో పెద్దవాడు తన్ను చులకన చేసిరని చెప్పుకొనును. 1755లో తన నిఘంటువు పీఠికయందు శామ్యూల్ జాన్సన్ పరదేశీయులకు ఇట్టి కూర్పులే మిక్కిలి కష్టమని ఒప్పుకొన్నాడు. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ తన గ్రంథములో వీనిని 'ఫ్రేజల్ వెర్బ్' అను పేరుతో వ్యవహరించినాడు.

కర్మాగారమునకు వత్తము. 1928లో జంషెడ్‌పూరున గొప్ప కార్మిక వివాదము చెలరేగి సమ్మె, లాకౌటు రెండును నడచినవి. సుభాస్ చంద్ర బోసు కార్మికుల పక్షమున నాయకత్వము వహించినాడు. టాటానగర్ మీదుగా పోవు బెంగాల్ నాగపూర్ రైలుమార్గపు కార్మికులను ఆ దశాబ్దమున కూడగట్టిన వి.వి. గిరి బరంపురమున పుట్టిన తెలుగువాడు. ఆనాటి పనివాడు ప్రతిదినము వినిన మాటలలో రెండు కలవు: 'దే లాక్డ్ అజ్ అవుట్', 'దే లెయిడ్ అజ్ ఆఫ్'. రెండింటను 'మేము' అను సర్వనామము క్రియకు దిక్కునకు నడుమ చిక్కుకొన్నది. మొదటిదానియందు దిక్కు ఇంకను కనబడుచున్నది: తలుపు మూయబడినది, మనిషి వెలుపల నున్నాడు. రెండవదానియందు దిక్కు కేవలము భావము. పని ఇచ్చువాడు పనివానిని ఒక ప్రక్కన ఉంచినాడు.

ఈ ప్రక్కన ఉంచుట ఎంతకాలము? లోకవ్యవహారమున లే-ఆఫ్ అను మాట శాశ్వతముగా తొలగించుట అను అర్థమునకు జారినది. మన చట్టము అట్లు జారనీయలేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమునకు 1953లో చేసిన సవరణ ప్రకారము, బొగ్గు, విద్యుత్తు, ముడిసరుకు కొరత వంటి కారణములచే పని ఇయ్యజాలకపోయినను, ఎవని పేరు మస్టరు రోలులో నిలిచియుండునో వాడే లే-ఆఫ్ అయినవాడు. రిట్రెంచ్‌మెంటు వేరు, అది పనినుండి తొలగింపు. ఒక సంవత్సరము ఎడతెగక పనిచేసినవానికి, చట్టపు షరతులకు లోబడి, లే-ఆఫ్ దినములకు మూలవేతనము, కరవుభత్యము కలిపిన మొత్తములో సగము పరిహారముగా నిర్ణయింపబడినది. కావున 'మమ్ము పనిలోనుండి తీసివేసిరి' అని తెలుగు చేసినవాడు ఒక్క క్రియతో పనివాని పేరును పట్టికనుండి చెరిపివేసినవాడగును. 'పని నిలిపి కూర్చుండబెట్టిరి' అన్నచో పేరు నిలుచును. పేరుతోపాటు హక్కును నిలుచును.

దిక్కుల అలంకారము తెలుగునకు క్రొత్తది కాదు. పైకి వచ్చినవాడు, దిగజారినవాడు, తల దించుకొన్నవాడు, దిక్కులేనివాడు — ఇవన్నియు మన యింటి మాటలే. భేదము వాక్యపు అమరికలో నున్నది. ఇంగ్లీషు వాక్యము దిక్కుతో ముగియును. తెలుగు వాక్యము క్రియతో ముగియును. 'దే లాక్డ్ అజ్ అవుట్' అన్నప్పుడు చెవిలో మిగులునది అవుట్. 'మమ్ము వెలుపల నిలిపిరి' అన్నప్పుడు చివర వినబడునది '-రి', అనగా నిలిపినవారు. ఇంగ్లీషు చెవి మనిషి ఎక్కడ పడినాడో పట్టుకొనును, తెలుగు చెవి పడవేసినదెవరో పట్టుకొనును. ఒక పక్షము కాగితము మరియొక పక్షము చేతికి పోవునప్పుడు ఈ రెండును దక్కవలెను. అనువాదకుడు క్రియను మాత్రమే తెచ్చి దిక్కును దారిలో జారవిడిచినచో, నడుమ నిలిచిన 'మేము' అను ఆ చిన్నమాటయే నష్టపడును.