పందెం షర్తులు: డిజైన్ పోటీల తారీఖ్, మన పిల్లల మెహనత్



ఈసారి తారీఖ్‌లోకి వెళ్ళేది సుల్తానుల కోసమో కిల్లాల కోసమో కాదు. మన ఇళ్ళలో కంప్యూటర్ ముందు కూర్చుని లోగోలు గీసే పిల్లల కోసం. నర్సరావుపేట, మాచర్ల, గురజాలల్లో ఫ్లెక్సీ షాపులో పనిచేసే కుర్రాళ్ళున్నారు. షాదీ కార్డులు, జల్సా పోస్టర్లు, రంజాన్‌లో సహరీ-ఇఫ్తార్ టైంటేబుళ్ళు తయారుచేసేది వీళ్ళే. డిగ్రీ చదువుకుంటూ ఇంట్లోంచే డిజైన్ పని చేసే ఆడపిల్లలూ ఉన్నారు. వీళ్ళందరికీ ఇప్పుడు ఆన్‌లైన్ డిజైన్ పోటీలు ఒక దర్వాజా తెరిచాయి. ఎక్కడో ఉన్న కంపెనీ "మాకు లోగో కావాలి, నచ్చినదానికి ఇంత ఇనామ్" అని ప్రకటిస్తుంది. వంద మంది గీసి పంపుతారు. ఒకరికి పైసలు వస్తాయి. మిగతా తొంభైతొమ్మిది మందికి "షుక్రియా" అనే మాట కూడా రాదు.

పిల్లల్ని చూసి అమ్మీ-అబ్బాలు అడిగే సవాల్ ఒకటుంది: "బేటా, ఇది రోజీనా, జూదమా?" నవ్వి వదిలేసే సవాల్ కాదిది. దీనికి జవాబు పోటీ అనే మాటలో లేదు, ఆ పోటీకి పెట్టిన షర్తుల్లో ఉంది. తారీఖ్ తిరగేస్తే నాకు అర్థమైంది ఇదే.

పల్నాడుకు తెలిసిన పాఠం

షర్తులు చెడితే పందెం ఏమవుతుందో మన పల్నాడుకు ఎవరూ నేర్పక్కర్లేదు. 12వ శతాబ్దంలో గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవుడు. ఇటు నాయకురాలు నాగమ్మ, అటు బ్రహ్మనాయుడు. కోడిపందెం పెట్టుకున్నారు. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలిపోవాలి. నాగమ్మ మోసంతో గెలిచిందని గాథ చెప్తుంది. మాచర్లవాళ్ళు వెళ్ళిపోయారు. గడువు తీరాక తమ హక్ అడిగితే దక్కలేదు. రాయబారానికి వెళ్ళిన అలరాజు ప్రాణం పోయింది. చివరికి నాగులేరు ఒడ్డున కారెంపూడిలో యుద్ధం జరిగింది.

ఈ గాథలో తారీఖ్ ఎంత, కల్పన ఎంత అనేది వేరే బహస్. నేను చూసేది రెండు విషయాలు. ఒకటి, పందెం నిజాయితీగా నడిచిందని అందరూ ఒప్పుకునే మున్సిఫ్ లేడు. రెండు, గడువు తీరాక ఇచ్చిన వాదా నిలబెట్టించే జామిన్ లేడు. ఈ రెండూ లేని పోటీ ఏ కాలంలోనైనా తగాదాతోనే ఖతమ్ అవుతుంది.

ఓడినవాడి పేరు కూడా నిలిచిన పోటీ

ఇప్పుడు దీనికి ఉల్టా మిసాల్ చూద్దాం. అందుకు ఇటలీ దాకా వెళ్ళాలి. 1401లో ఫ్లారెన్స్ నగరంలో ఒక ప్రార్థనా మందిరానికి కంచు తలుపులు చేయించాలనుకున్నారు. బట్టల వ్యాపారుల సంఘం పోటీ పెట్టింది. చివరి వడపోతకు ఏడుగురు కారీగర్లు నిలిచారు. అందరికీ ఒకే విషయం ఇచ్చారు: ఇబ్రాహీం అలైహిస్సలాం ఖుర్బానీ. (వాళ్ళ కితాబులో కొడుకు ఇస్‌హాఖ్, మన రివాయత్‌లో ఇస్మాయీల్.) అందరికీ ఒకే గడువు, ఒక ఏడాది. పనికి కావలసిన కంచు కూడా పోటీ పెట్టినవాళ్ళే ఇచ్చారు. ఫైసలా చెప్పడానికి 34 మంది కూర్చున్నారు.

గెలిచింది ఇరవై దాటిన గిబెర్తీ. ఓడినవాళ్ళలో బ్రునెల్లెస్కీ ఒకడు. తర్వాత అదే నగరంలో పెద్ద కెథడ్రల్ గుంబద్ కట్టింది ఆయనే. ఇద్దరూ అప్పుడు చేసిన కంచు పలకలు ఈనాటికీ ఫ్లారెన్స్‌లోని బార్జెల్లో మ్యూజియంలో ఉన్నాయి. ఆరు వందల ఏళ్ళు దాటినా ఓడినవాడి పని ఓడినవాడి పేరు మీదే ఉంది. ఎవరూ దాన్ని ఎత్తుకెళ్ళి తమదని చెప్పుకోలేదు.

ఒకే విషయం, ఒకే గడువు, ఖర్చు పెట్టించేవాడిది, ఫైసలా కొందరు కూర్చుని చెప్పేది, పని చేసినవాడి పేరు. కంప్యూటర్ లేని కాలంలోనే ఇంత సాధ్యమైంది.

ఒక ఒంటె బరువు ధాన్యం

మన దీన్ ఈ విషయంలో ఏమంటుంది? నేను ఆలిమ్‌ను కాను. ఫత్వా ఇవ్వడం నా పని కాదు, అది ముఫ్తీ సాహెబ్‌లను అడగాలి. కితాబుల్లో ఉన్న బహస్ మాత్రం చెప్తాను.

సూరా యూసుఫ్ 72వ ఆయత్‌లో ఒక ప్రకటన ఉంది. రాజుగారి పాత్ర కనిపించలేదు. తెచ్చిచ్చినవాళ్ళకు ఒక ఒంటె మోసేంత ధాన్యం ఇస్తామని, దానికి తానే జామిన్ అని చాటింపు వేసినవాడు చెప్తాడు. పని పూర్తిచేసినవాడికి ఇనామ్ ఇస్తామనే ఇలాంటి వాదాను ఫుఖహా "జుఆలా" అన్నారు. మాలికీ, షాఫయీ, హంబలీ మజ్‌హబ్‌లు దీన్ని ఒప్పుకున్నాయి. మనం ఎక్కువగా పాటించే హనఫీ మజ్‌హబ్ మాత్రం ఇందులో అనిశ్చితి, అంటే గరర్, ఉందని చాలావరకు సందేహించింది. పని చేసేవాడెవరో తెలియదు, ఎంత పనో తెలియదు, ఫలితం వస్తుందో రాదో తెలియదు. నా ఉద్దేశంలో హనఫీ పెద్దల ఆ సందేహం నేటి డిజైన్ పోటీల మీద సూటిగా పెట్టిన సవాల్.

ఆ ఆయత్‌లో రెండు మాటలు గమనించండి. ఇనామ్ ఎంతో ముందే తేలింది. ఇస్తాననడానికి ఒక మనిషి ముందే జామిన్ నిలబడ్డాడు.

ఇంకో బహస్ గుర్రప్పందేల గురించి. ఇనామ్ బయటివాడు ఇస్తే ఒక సంగతి. పోటీలో దిగినవాళ్ళందరూ తలా కొంత వేసి, ఆ కుప్ప గెలిచినవాడు పట్టుకుపోతే ఫుఖహా దాన్ని ఖిమార్, అంటే జూదం లెక్కలో చూశారు. ఇప్పుడు అబ్బాజాన్ సవాల్‌కు సగం జవాబు దొరికింది. డిజైన్ పంపడానికి "ఎంట్రీ ఫీజు" కట్టించుకుని, అందులోంచే ఇనామ్ ఇచ్చే పోటీ కనిపిస్తే మన పిల్లలు అక్కడే ఆగాలి.

పక్కనే జరిగిన కథ

మిగతా సగం జవాబు మనకు దగ్గర్లోనే ఉంది. పాత అమరావతి మన పల్నాడు జిల్లాలోదే. ఆ పేరుతో కొత్త రాజధాని తలపెట్టింది పొరుగున తుళ్ళూరు వైపు. అసెంబ్లీ, హైకోర్టు భవనాలున్న ప్రాంతం డిజైన్ కోసం మూడు సంస్థలను పిలిచి పోటీ పెట్టారు: జపాన్ నుంచి ఫుమిహికో మాకీ సంస్థ, లండన్ నుంచి రిచర్డ్ రోజర్స్ సంస్థ, అహ్మదాబాద్ నుంచి బాలకృష్ణ దోషి సంస్థ. 2016 మార్చిలో జ్యూరీ మాకీని ఎంచుకుంది. టొరంటోలోని ఆగాఖాన్ మ్యూజియం గీసింది కూడా ఈ మాకీనే.

తర్వాత ఆ బొమ్మలు జనానికి నచ్చలేదు. ఫ్యాక్టరీ చిమ్నీల్లా ఉన్నాయని సోషల్ మీడియాలో మజాక్ చేశారు. నెలలు గడిచాక మాకీని పక్కనపెట్టి లండన్‌లోని ఫోస్టర్ సంస్థను తెచ్చారు. ఎంపిక తీరు పారదర్శకంగా లేదని మాకీ మన దేశ ఆర్కిటెక్చర్ కౌన్సిల్‌కు ఫిర్యాదు రాశారు. 2019లో సర్కార్ మారింది, పనులు ఆగిపోయాయి. 2024లో మళ్ళీ మారింది, మళ్ళీ మొదలయ్యాయి.

డిజైన్ నచ్చకపోవడం జుర్మ్ కాదు. అది జనం హక్. కానీ జనం ఏమనుకుంటారో ఫైసలాకు ముందు అడగాలి. గెలిచావని చెప్పాక షర్తులు మారిస్తే, ప్రపంచంలో పెద్ద పేరున్న ఆర్కిటెక్ట్ అయినా ఒక చిట్టీ రాయడం తప్ప ఏం చేయగలిగాడు? ఇక మాచర్ల కుర్రాడు ఎవరికి రాస్తాడు?

జపాన్‌లోనూ ఒక పోటీ చెడింది. టోక్యో ఒలింపిక్స్ లోగో పోటీలో మొదట అవార్డులు వచ్చిన పెద్ద డిజైనర్లకే దారి ఇచ్చారు. 104 ఎంట్రీలే వచ్చాయి. గెలిచిన లోగో నకలు అనే ఇల్జామ్ లేచింది. 2015 సెప్టెంబర్ 1న దాన్ని వెనక్కి తీసుకున్నారు. రెండోసారి దర్వాజా బాగా తెరిచారు. 14,599 ఎంట్రీలు వచ్చాయి. చివరి నాలుగు డిజైన్లను ముందే జనానికి చూపించి, 2016 ఏప్రిల్‌లో ఫైసలా చెప్పారు. అమరావతిలో ఆఖర్న వచ్చిన జనం మాటను వాళ్ళు రెండోసారి ముందుకు తెచ్చారు.

మన రూపాయి గుర్తు కూడా పోటీలోంచి వచ్చిందే. 2009లో కేంద్రం ప్రకటించింది. మూడు వేలకు పైగా ఎంట్రీలు వచ్చాయి. అయిదుగురిని వడపోశారు. 2010 జూలై 15న ఉదయకుమార్ డిజైన్‌కు కేబినెట్ మంజూరీ ఇచ్చింది. ఎంపిక తీరు మీద ఒక పోటీదారు కోర్టుకెళ్ళాడు. ఢిల్లీ హైకోర్టు పిటిషన్ కొట్టేసింది. కోర్టు కొట్టేయడం వేరు, ఓడినవాళ్ళ దిల్‌కు తసల్లీ దొరకడం వేరు. ఎవరు చూశారు, ఏ కొలతతో చూశారు అనేది ముందే తెలిస్తేనే ఆ తసల్లీ వస్తుంది.

ఆరు వందల గంటలు

ఇక ఆన్‌లైన్ బజార్. ఆస్ట్రేలియాలో 2008లో మొదలైన 99డిజైన్స్ లాంటి సైట్లు ఈ పోటీలనే వ్యాపారం చేశాయి. వాటిలో రెండు మంచి పద్ధతులు వచ్చాయి. ఒకటి "గ్యారంటీ" పోటీ: ఇనామ్ ఇచ్చి తీరతానని, వెనక్కి తీసుకోనని పెట్టినవాడు ముందే ఒప్పుకుంటాడు. సూరా యూసుఫ్‌లోని జామిన్ లాంటిదే. రెండోది "బ్లైండ్" పోటీ: ఒకరి డిజైన్ ఇంకొకరికి కనిపించదు. ఇది లేకపోతే మంచి ఖయాల్ ముందుగా పంపినవాడికే నష్టం. దాన్ని చూసి పది మంది రంగు మార్చి పంపేస్తారు.

ఇవి ఉన్నా అసలు లెక్క మిగిలే ఉంటుంది. ఇనామ్ పది వేలు అనుకుందాం. వంద మంది తలా ఆరు గంటలు కూర్చున్నారు. ఆరు వందల గంటల మెహనత్‌కు పది వేలు. గంటకు 17 రూపాయలు కూడా పడదు. అదీ ఒక్కరి జేబులోకే.

అదే పోటీని రెండు అంచెలు చేయండి. మొదట అందరూ గంటలో అయ్యే కచ్చా స్కెచ్ పంపాలి. అందులోంచి అయిదుగురిని తీసి, వాళ్ళతోనే పూర్తి పని చేయించాలి. గెలిచినవాడికి ఆరు వేలు, మిగతా నలుగురికి తలా వెయ్యి. మొత్తం ఖర్చు అదే పది వేలు. పోయే గంటలు ఆరు వందలు కాదు, 130 లోపు. పెట్టినవాడికీ నష్టం లేదు, వంద ఫైళ్ళు తిరగేసే బదులు అయిదుగురితో కూర్చుని మాట్లాడొచ్చు. చెమట ఆరకముందే ఉజ్రత్ ఇవ్వమన్న హదీస్‌ను జుమా ఖుత్బాల్లో వింటూనే ఉంటాం. ఆ హదీస్ కూలీకే కాదు, కళ్ళు మండేదాకా స్క్రీన్ చూసే పిల్లకూ వర్తిస్తుంది.

పేరు, కాగితం

పైసల తర్వాత పేరు. తాజ్‌మహల్ కోసం ఎంత మంది చేతులు అరిగాయో! కానీ కట్టడం మీద దస్తఖత్ కనిపించేది ఆయత్‌లు రాసిన అమానత్ ఖాన్‌ది ఒక్కటే. మన పక్క జిల్లా పింగళి వెంకయ్యగారు 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీకి జెండా డిజైన్ ఇచ్చారు. 1963లో గరీబీలోనే ఇంతెఖాల్ అయ్యారు. ఆయన పేర తపాలా బిళ్ళ 2009లో వచ్చింది. 1947లో చరఖా పోయి అశోక చక్రం వచ్చిన రూపంలో తన తల్లి సురయ్యా తయ్యబ్‌జీ హునర్ ఉందని లైలా తయ్యబ్‌జీ రాశారు. ఆ బహస్ ఇంకా నడుస్తూనే ఉంది. పని జరిగిన రోజే కాగితం మీద పేరు పడి ఉంటే ఇంత బహస్ ఎందుకు?

మన 1957 కాపీరైట్ చట్టం ఇక్కడ తోడు నిలుస్తుంది. మామూలుగా సొంతంగా గీసినదానికి మొదటి హక్‌దారు గీసినవాడే. ఆ హక్ ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా, దస్తఖత్‌తో ఇవ్వాలి. ఆ కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్ళ వరకే అని లెక్క. ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే. హక్ అమ్మేసినా, ఈ పని నాదని చెప్పుకునే హక్ గీసినవాడికే ఉంటుంది. అందుకే బేటా, బేటీ, "సమ్మతించాను" అనే బటన్ నొక్కేముందు ఆ షర్తులు చదవండి. "వచ్చిన ఎంట్రీలన్నీ మావే" అని ఉంటే, ఓడినా మీ డిజైన్ మీది కాకుండా పోవచ్చు.

మన అంజుమన్‌లకు ఒక మాట

దూరపు కంపెనీలను అనడం ఆసాన్. మస్జిద్ కమిటీలు, మదర్సాలు, అంజుమన్‌లు, యూత్ సొసైటీలు కూడా ఇదే చేస్తున్నాయి. "లోగో పంపండి, మంచిది వాడతాం, సవాబ్ వస్తుంది" అని వాట్సాప్ గ్రూపులో పెడతారు. టెంట్ వాడికి పైసలిస్తారు, బిర్యానీ వండినవాడికిస్తారు. డిజైన్ చేసిన పిల్లాడికి సవాబ్ ఒక్కటేనా? ఖిద్మత్ చేయాలా వద్దా అనేది చేసేవాడి నియ్యత్. పక్కవాడి నియ్యత్ మనం ముందే రాసిపెట్టకూడదు.

పోటీ పెట్టండి, తప్పు లేదు. ఇనామ్ ఎంతో ముందే రాయండి, ఆ పైసలు పిల్లలు నమ్మే ఒక పెద్దమనిషి దగ్గర అమానత్‌గా ఉంచండి. ఎవరు ఫైసలా చెప్తారో, ఏం చూసి చెప్తారో చెప్పండి. డిజైన్ల మీద పేర్లు తీసేసి మున్సిఫ్‌లకు చూపించండి, సదర్ సాహెబ్ మేనల్లుడిదెవరిదో తెలియకూడదు. ఎంట్రీ ఫీజు వద్దు. చివరి వడపోతకు వచ్చినవాళ్ళకు ఎంతోకొంత ఉజ్రత్ ఇవ్వండి. ఓడినవాళ్ళ పని వాళ్ళకే వదిలేయండి. గెలిచిన పోస్టర్ మూలన చిన్న అక్షరాల్లో చేసినవాళ్ళ పేరు వేయండి. ఒక్కో షర్తుకు ఒక్కో లైను చాలు.

అబ్బాజాన్ సవాల్‌కు నా జవాబు ఇదీ: ఈ షర్తులుంటే అది రోజీ, లేకపోతే జూదానికి దగ్గర. ఈ ఈద్-మీలాద్ జల్సా పోస్టర్‌తోనే మొదలుపెట్టొచ్చు. అల్లాహ్ మనందరికీ ఒకరి మెహనత్ ఒకరు తినకుండా బతికే తౌఫీఖ్ ఇవ్వాలి. ఆమీన్.