ఆసియా ప్రజల్లో మధుమేహం, స్థూలకాయం: జన్యు కారణాల అన్వేషణ చరిత్ర

"షుగర్ మా వంశంలోనే ఉంది" అనే మాట మీరు వినే ఉంటారు. ఆ మాటలో నిజం ఎంత? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు ఇచ్చిన సమాధానం కాలక్రమంలో ఎలా మారిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

ఇది కొత్త ప్రశ్న కాదు. పుట్టుకతో వచ్చే ప్రమేహం, అపథ్యం వల్ల వచ్చే ప్రమేహం అని సుశ్రుత సంహిత రెండు రకాలను పేర్కొంది. మొదటి రకం రోగి కృశించి ఉంటాడని, రెండో రకం రోగి స్థూలంగా ఉంటాడని వర్ణించింది.

ఆధునిక కాలంలో ఈ చర్చను మలుపు తిప్పినవాడు అమెరికా జన్యుశాస్త్రజ్ఞుడు జేమ్స్ నీల్. ఆయన 1962లో 'పొదుపు జన్యువు' పరికల్పనను ప్రతిపాదించాడు. తిండి దొరికినప్పుడు శక్తిని కొవ్వుగా దాచుకోగలిగినవారు కరవుల్లో బతికి బయటపడ్డారు. తిండికి కొదవ లేని కాలంలో ఆ గుణమే వారికి హాని చేస్తోంది అన్నది ఆయన వాదన. అయితే కరవులు ఐరోపాలోనూ వచ్చాయి కదా అన్న ఆక్షేపణకు ఈ వాదం తగిన జవాబు చెప్పలేకపోయింది.

1992లో హేల్స్, బార్కర్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు దృష్టిని తల్లి గర్భం వైపు మళ్లించారు. గర్భంలో పోషణ కొరవడిన శిశువుకు పెద్దయ్యాక మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువని వారు వాదించారు. పుణె సమీప గ్రామాల్లో చిత్తరంజన్ యాజ్నిక్ బృందం జరిపిన పరిశోధన ఈ విషయాన్ని మన దేశానికి దగ్గర చేసింది. అక్కడి నవజాత శిశువుల సగటు బరువు సుమారు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. పుణె శిశువుల్లో కండ బాగా తక్కువగా ఉన్నా, చర్మం కింది కొవ్వు అంతగా తగ్గలేదు. సన్నగా కనిపించే శరీరంలోనూ కొవ్వు పాలు ఎక్కువగా ఉండవచ్చని దీనివల్ల తెలిసింది. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు కూడా ఆసియా ప్రజల విషయంలో శరీర ద్రవ్యరాశి సూచిక 23 దాటినప్పటి నుంచే జాగ్రత్త అవసరమని సూచించారు.

ఇక జన్యువుల సంగతి చూద్దాం. 2006లో ఐస్‌లాండ్ పరిశోధకులు టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువుకు టైప్ 2 మధుమేహంతో సంబంధం ఉందని కనుగొన్నారు. మరుసటి ఏడాదే హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు, పుణె పరిశోధకులతో కలిసి, భారతీయుల్లోనూ ఆ సంబంధాన్ని నిర్ధారించారు. జపాన్, చైనా వంటి తూర్పు ఆసియా దేశాల్లో మాత్రం ఆ జన్యువులోని ముఖ్యమైన మార్పు అరుదు. 2008లో జపాన్ పరిశోధకులు కేసీఎన్‌క్యూ1 అనే మరో జన్యువును గుర్తించారు. కాబట్టి 'ఆసియా జన్యువు' అంటూ ఒక్కటి లేదు. ఇలాంటి జన్యువులు అనేకం. ఒక్కోదాని ప్రభావం స్వల్పం.

ఒక విషయం ప్రత్యేకంగా గమనించండి. జన్యువులు రెండు మూడు తరాల్లో మారిపోవు. కానీ హిరోషిమా ప్రాంతం నుంచి హవాయికి, లాస్ ఏంజిలిస్‌కు వలస వెళ్లిన జపనీయుల కుటుంబాల్లో మధుమేహం స్వదేశంలోని వారికంటే ఎక్కువగా కనిపించింది. జన్యువులు అవే, మారింది ఆహారం, శ్రమ. అందువల్ల వంశంలో మధుమేహం ఉండటం ముందస్తు హెచ్చరికే గాని, తప్పించుకోలేని తలరాత కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: 'పొదుపు జన్యువు' పరికల్పనకూ, పుణె పరిశోధనకూ గల ముఖ్యమైన తేడా ఏమిటి?