తెరమీది పొరలు



మా మునగపాకలో నేడు రైతు తన అడంగలును చూడగోరినచో జేబులోని ఫోను తీయుచున్నాడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2015లో మీభూమిని ప్రారంభించినప్పటినుండి ఈ వెసులుబాటు కలిగినది. ఫోనులో నేదేని నొక పుటను చదువుచుండగా మరియొక గడి దానిపై వచ్చి పడుట మీ యెల్లరి యనుభవమే. క్రిందిది చెరిగిపోయెనా? పైది యే యధికారముతో పైకి వచ్చెను? దీని చరిత్ర కొంత మనవి చేసెదను.

1991లో టిమ్ బెర్నర్స్ లీ యను ఆంగ్లేయుడు జినీవా యొద్దనున్న సెర్న్ పరిశోధనాలయమునుండి వెబ్బును లోకమున కందించెను. నాటి పుటలలో వ్రాత పైనుండి క్రిందికి వరుసగా దిగెడిది; ఒకదానిపై నొకటి యెక్కుట లేదు. 1994లో నార్వే దేశీయుడగు హోకొన్ వియుమ్ లీ, వ్రాతను దాని యలంకారమునుండి వేరుపరుపవలెనని ప్రతిపాదించెను. సి.ఎస్.ఎస్. అను ఆ నియమావళి 1996 డిసెంబరులో ప్రమాణమయ్యెను. 1997లో నెట్‌స్కేప్ బ్రౌజరు పొరలు పేర్చుటకు సొంత పద్ధతి నొకదానిని తెచ్చెను గాని అది సర్వసమ్మతము కాలేదు. తుదకు 1998 మే నెలలో వెలువడిన నియమావళి రెండవ కూర్పు అందరికి నొక్కటే సూత్రము చేసెను. వెడల్పు, పొడవులకు తోడు లోతునకును ఒక సంఖ్య యేర్పడెను. దాని పేరు జెడ్ ఇండెక్స్. పెద్ద సంఖ్య గలది పైన నుండును. సంఖ్యలు సమానమైనచో తరువాత వ్రాసినది పైన నుండును.

ఇందొక సూక్ష్మము కలదు. రెండు తాళపత్ర గ్రంథములను వేర్వేరుగ కట్టి, ఒకదానిపై నొకటి యుంచితిమనుకొనుడు. క్రింది కట్టలోని యాకునకు తొమ్మిదివేల సంఖ్య వేసినను, పై కట్టలోని మొదటి యాకును అది దాటి రాజాలదు. ఆకు సంఖ్య తన కట్టలోనే చెల్లును. బ్రౌజరు నట్లే కొన్ని భాగములను కట్టగా కట్టి, లోపల పేర్చి, పిదప కట్టపై కట్ట నుంచును.

ఫోనులు వ్యాపింపగా, ఒకే పుట చిన్న తెరకును పెద్ద తెరకును ఒదుగవలసి వచ్చెను. ఇందులకైన ఫ్లెక్స్‌బాక్స్ అను అమరికకు ముసాయిదా 2009లో వెలువడి, 2012 నాటికి ఒక కుదుటికి వచ్చెను. పంక్తిలో విస్తళ్లు సర్దినట్లు, ఇది గడులను తెర వెడల్పును బట్టి సాచును, కుదించును. పూర్వము స్థానమును ప్రత్యేకముగ నిర్ణయించిన భాగమునకే జెడ్ సంఖ్య చెల్లెడిది. ఫ్లెక్స్ వరుసలోని గడికి అట్టి నిర్ణయము లేకున్నను చెల్లును. సంఖ్య పొందిన గడి తానే యొక కట్ట యగును.

ఈ విద్యను దుర్జనులును నేర్చిరి. కంటికి కనబడని పారదర్శకపు పొరను పుటపై పరచు మోసమును 2008లో రాబర్ట్ హాన్సెన్, జెరెమయా గ్రాస్‌మన్ అను నిపుణులు బయలుపరచిరి. మనము కనబడు బొత్తామును నొక్కితిమనుకొందుము. నొక్కినది కనబడని దానిని. తమ పుటను పరుల పుటలో పొరగా చేర్చనీయక నిషేధించు సదుపాయము 2009లో బ్రౌజర్లలో మొదలయ్యెను.

కావున పెద్దలారా, పొలము లెక్క కనబడలేదని కంగారుపడి దళారికి రూకలీయకుడు. మూలనున్న గుణకారపు గుర్తును నొక్కి పై గడిని మూయుడు. కాదేని పుటను మరల తెరువుడు. ఎరుగని పుటలో ఆశచూపి పిలుచు బొత్తామును తాకకుడు. అసలు దస్త్రము ప్రభుత్వపు కంప్యూటరులో భద్రముగ నున్నది. మన తెరపై వచ్చినది దాని ప్రతిబింబము మాత్రమే. కప్పుట వేరు, చెరుపుట వేరు.